అది నిజం ఇంజనేరా!

*మాట లేదు, రంగు లేదు. ఉన్నవల్లా ఒక యుద్ధం, రెండు రైళ్ళు, చచ్చినా నవ్వని ఒక హీరో. వందేళ్ళ కిందటి అమెరికన్ మూకీ ‘ది జనరల్’ను బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో, ఆవిరి ఇంజను మీద బొగ్గు ఎగదోసిన మనిషి పక్కన కూర్చుని చూస్తే తెరవెనుక కథలన్నీ కొత్తగా కనిపిస్తాయి.*

సినిమా మొదలై ఇంకా అట్టే సేపు కాలేదు. నాన్న కుర్చీలో ముందుకు జరిగాడు.

“ఒరే, ఆడేటి సేత్తన్నాడు? సైడ్ రాడ్డు మీద కూకున్నాడేటి?”

టీవీలో బస్టర్ కీటన్. సినిమా తీసిందీ, హీరో వేసిందీ అతనే. ప్రేమించిన పిల్ల పిరికివాడివని మొహం చాటేసింది. దిగులుగా వచ్చి తన ఇంజను దగ్గర, పెద్ద చక్రాలను కలిపే ఇనుప కడ్డీ మీద కూలబడ్డాడు. ఇంజను మెల్లగా కదిలింది. కడ్డీతోపాటు అతనూ పైకి లేచాడు, ముందుకు పోయాడు, కిందికి దిగాడు, మళ్ళీ పైకి లేచాడు. బాధలో ఉన్నవాడికి ఆ సంగతే తెలియదు. ఇంజను షెడ్డులో దూరే ముందు ఉలిక్కిపడతాడు. లోకమంతా అక్కడ నవ్వుతుంది. మా ఇంట్లో అమ్మ నవ్వింది, నేను నవ్వాను. నాన్న నవ్వలేదు.

“బొమ్మింజనేమోలే నాన్నా,” అన్నాను.

“బొమ్మేటి? ఆ ఆవిరి సూడు, ఆ రాడ్డు సూడు. అది నిజం ఇంజనేరా!”

నాన్న 1970లలో ఇక్కడి లోకో షెడ్డులో క్లీనరుగా చేరాడు. ఆ తరవాత ఫైర్‌మన్, షంటర్, గూడ్స్ డ్రైవర్. ఆవిరిలో మొదలుపెట్టి, డీజిల్ చూసి, కరెంటు ఇంజను మీద రిటైరయ్యాడు. బొగ్గు పొడి ఇప్పటికీ ఆయన అరచేతి గీతల్లో ఉందని అమ్మ వాదన. ఆ రాత్రి ఆయన రిమోట్ లాక్కుని సినిమా ఆపి, నాకు చిన్న పాఠం చెప్పాడు. ఇంజను నిలబడి ఉన్నప్పుడు ఆవిరిని వదిలే రెగ్యులేటరు ఒక్క పిసరు ఎక్కువ తెరిచారనుకోండి, చక్రాలు పట్టాను పట్టుకోవు. ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. దాన్ని స్లిప్ కొట్టడం అంటారు. అప్పుడు ఆ కడ్డీ ఫ్యాను రెక్కలా తిరుగుతుంది. దాని మీద కూర్చున్న మనిషి గతేమిటో ఆయన చెప్పలేదు. చేత్తో గాల్లో ఒక సున్నా చుట్టి ఊరుకున్నాడు.

నేను ఆ రాత్రే వెతికి చూశాను. నాన్న చెప్పింది అక్షరాలా నిజం. 1926లో ఆ షాటుకు ముందు ఇంజను నడిపే డ్రైవరు కీటన్‌కు అదే ప్రమాదం చెప్పి హెచ్చరించాడు. చక్రాలు ఒక్కసారి స్లిప్ అయితే ప్రాణం పోతుందన్నాడు. కీటన్ విన్నాడు, వెళ్ళి కడ్డీ మీద కూర్చున్నాడు.

ఉరితాళ్ళతో ముగిసిన కథ

సినిమాకు ఆధారం నిజంగా జరిగిన సంఘటన. అమెరికా అంతర్యుద్ధ కాలం. 1862 ఏప్రిల్ 12న ఉత్తరాది పక్షానికి చెందిన జేమ్స్ ఆండ్రూస్ అనే గూఢచారి, మామూలు దుస్తులు వేసుకున్న సైనికులను వెంటబెట్టుకుని జార్జియాలోని బిగ్ శాంటీ స్టేషనుకు వచ్చాడు. ప్రయాణికులూ సిబ్బందీ దిగి ఫలహారాలు చేస్తుండగా ‘జనరల్’ అనే ఇంజనుతో సహా రైలును ఎత్తుకుపోయాడు. దారిలో పట్టాలు పీకడం, టెలిగ్రాఫ్ తీగలు కోయడం, వంతెనలు తగలబెట్టడం అతని పథకం.

ఆ రైలు కండక్టరు విలియం ఫుల్లర్ ఊరుకోలేదు. తినే తిండి వదిలేసి పట్టాల వెంట కాలినడకన పరుగు తీశాడు. తరవాత తోపుడు ట్రాలీ దొరికింది, ఆపైన ఒక ఇంజను, ఇంకో ఇంజను. చివరికి దొరికిన ‘టెక్సస్’ ఇంజనును తిప్పుకునే వ్యవధి లేక వెనక్కి నడుపుతూనే తరిమాడు. వానకు కొయ్య వంతెనలు తడిసి ఉండటంతో ఆండ్రూస్ మనుషులు ఒక్కదాన్నీ కాల్చలేకపోయారు. దాదాపు 140 కిలోమీటర్లు పోయాక రింగోల్డ్ ఊరు దాటగానే ‘జనరల్’ ఆవిరి అయిపోయి ఆగిపోయింది. దొరికినవాళ్ళలో ఆండ్రూస్‌తో కలిపి 8 మందిని ఉరితీశారు. బతికి బయటపడ్డవాళ్ళలో కొందరికి 1863లో, అప్పుడే కొత్తగా పుట్టిన ‘మెడల్ ఆఫ్ ఆనర్’ దక్కింది. ఆ పతకం మొట్టమొదట అందుకున్నవాళ్ళు వీళ్ళే.

ఆ దండులో ఒకడైన విలియం పిటెంజర్ తరవాత ఈ కథను పుస్తకంగా రాశాడు. అరవై ఏళ్ళు గడిచాక అది కీటన్ చేతికి వచ్చింది. ఉరికంబం ఉన్న కథలో అతనికి కామెడీ ఎక్కడ కనిపించిందని అడగొచ్చు. సమాధానం పట్టాల్లో ఉంది. ముందు ఒక రైలు, వెనక ఒక రైలు, రెండూ పక్కకు తప్పుకోలేవు. వెళ్ళేటప్పుడు హీరో శత్రువులను తరుముతాడు, వచ్చేటప్పుడు వాళ్ళు హీరోను తరుముతారు. సినిమా మొత్తం ఆ రాకపోకల మీదే నిలబడింది. అప్, డౌన్. రైల్వే ఊళ్ళో పుట్టినవాడికి ఈ స్క్రీన్‌ప్లే విప్పి చెప్పక్కర్లేదు.

కీటన్ చేసిన పెద్ద మార్పు పక్షం మార్చడం. పుస్తకం రాసింది ఉత్తరాదివాడు. సినిమా హీరో జానీ గ్రే దక్షిణాది ఇంజను డ్రైవరు. ఓడిపోయినవాళ్ళను విలన్లుగా చూపితే ప్రేక్షకులు ఒప్పుకోరని కీటన్ లెక్క. ఆనాటి అమెరికాలో ఆ లెక్క చెల్లింది. కానీ దక్షిణాది ఏ బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి తుపాకీ పట్టిందో ఆ ఊసు సినిమాలో ఎక్కడా రాదు. ఈ రోజు చూసేవాళ్ళకు నవ్వు మధ్యలో ఆ వెలితి గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా.

అడవిలో దొరికిన పాత ఇంజన్లు

అసలు ‘జనరల్’ ఇంజను అప్పటికి చట్టనూగా స్టేషనులో ప్రదర్శనకు పెట్టి ఉంది. దాన్నే సినిమాలో నడపాలని కీటన్ ఆశపడ్డాడు. తీయబోయేది హాస్యచిత్రమని తెలిశాక రైల్వే కంపెనీ కుదరదంది. పూర్వీకులు ప్రాణాలొడ్డిన కథతో నవ్వులాటలేమిటన్నది అక్కడివాళ్ళ అభ్యంతరం.

దాంతో కీటన్ బృందం దేశానికి ఆ చివరనున్న ఆరెగాన్ రాష్ట్రానికి పోయింది. అక్కడ కాటేజ్ గ్రోవ్ అనే చిన్న ఊరు. దుంగలు మోసే రైలు మార్గాల్లో పాతకాలపు ఇంజన్లు ఇంకా తిరుగుతున్నాయి. చుట్టూ కొండలు, అడవి, ఏరు. ఆ ఇంజన్లనే కొని, 1860ల రూపానికి తెచ్చి, కట్టెలతో నడిపారు. 1926 మే చివర్లో ఫిరంగులు, పాత పెట్టెలు, గుర్రపు బళ్ళు నింపిన 18 గూడ్స్ వ్యాగన్లు లాస్ ఏంజెలిస్ నుంచి ఆ ఊరికి చేరాయి. జూన్‌లో షూటింగ్ మొదలైంది. ఊళ్ళో వాళ్ళను 1500 మంది దాకా పనిలోకి తీసుకున్నారు.

ఒక కంపెనీ వచ్చి పట్టాలు పరిస్తే ఊరి తలరాత ఎలా మారుతుందో బిలాస్‌పూర్‌కు తెలుసు. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ ఊరిని జంక్షన్ చేసింది. షెడ్డు, యార్డు, క్వార్టర్లు వచ్చాయి. ఆ వెంటే విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి మా ముత్తాతల వంటివాళ్ళూ వచ్చారు. ఈ రోజు ఆగ్నేయ మధ్య రైల్వేకు ఇదే ముఖ్య కేంద్రం. బుధవారీ బజారులో కూరగాయలు బేరమాడితే ఒక వాక్యంలో తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ మూడూ దొర్లుతాయి. మా వీధిలో ఒడియావాళ్ళు, బెంగాలీలు, తమిళులు కలిసే పెరిగారు. మాట లేని సినిమా ఇలాంటి ఊరి కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. నాన్న టైటిలు కార్డులు ఒక్కటీ చదవలేదు. కథలో ఒక్క ముక్కా తప్పిపోలేదు.

పట్టకారుతో లెక్కపెట్టిన మందుగుండు

సినిమాలో ఒక పొట్టి ఫిరంగి ఉంది. వెనక పెట్టె మీద నుంచి పేలితే గుండు ఎగిరి, ముచ్చటగా వంపు తిరిగి, హీరో నిలబడ్డ ఇంజను క్యాబులోనే పడుతుంది. ఇది కెమెరా మాయ కాదు. గుండు సరిగ్గా అంత దూరమే పోవాలి, ఎక్కువైతే ఇంజను దాటిపోతుంది, తక్కువైతే పట్టాల మీద పడుతుంది. అందుకని కీటన్ మందుగుండు పలుకులను పట్టకారుతో ఒక్కొక్కటే లెక్కపెట్టి ఫిరంగిలో వేశాడని చెబుతారు. నగల కొట్లో కంసాలి కూడా బంగారాన్ని అంత జాగ్రత్తగా తూచడు.

మరో షాటు స్లీపర్లది. శత్రువులు పట్టాల మీద అడ్డంగా దుంగలు పడేసి పోతారు. కీటన్ కదులుతున్న ఇంజను ముందుకు దిగి, ఒక స్లీపరు ఎత్తుకుని, దాని బరువుకు ఇంజను ముందరి కౌ క్యాచరు మీద వెల్లకిలా పడతాడు. ముందర పట్టా మీద ఇంకోటి అడ్డంగా ఉంది. చేతిలోదాన్ని ఎత్తి దాని కొస మీద కొడతాడు. అది ఎగిరి పక్కన పడుతుంది, చేతిలోది రెండో పక్క పడుతుంది, ఇంజను సాగిపోతుంది. మొత్తం కొన్ని సెకన్ల పని. గురి తప్పితే దెబ్బ తగిలేది కాళ్ళకు.

ఇక్కడ మాత్రం నాన్న ముఖం విప్పారింది. “మన సాలు స్లీపరైతే ఇద్దరు గ్యాంగ్‌మన్లుంటే గానీ లేవదు,” అన్నాడు. కాసేపటికి ఇంకో సన్నివేశం వచ్చింది. చక్రాలు స్లిప్ కొడుతుంటాయి, ఇంజను కదలదు. కీటన్ దిగి, చేత్తో మన్ను తీసి పట్టాల మీద చల్లుతాడు. ఈలోగా చక్రాలకు పట్టు దొరికి ఇంజను అతన్ని వదిలేసి తన దారిన పోతుంది. ఆ సినిమాలో నాన్న మొదటిసారి పగలబడి నవ్విందక్కడే. ఇంజనుకు ఇసుక డబ్బా ఎందుకుంటుందో తెలిసినవాడి నవ్వది. ఆకులు పడ్డ తడి పట్టా మీద, ఎగువ ఎక్కేటప్పుడు, ఇసుక గొట్టం మూసుకుపోతే ఫైర్‌మన్‌గా దిగి పట్టాల మీద మట్టి చల్లిన రాత్రి ఆయనకూ ఒకటి ఉందట. “నన్నొదిలి పోలేదులే మా ఇంజను,” అన్నాడు గర్వంగా.

అమ్మకు నచ్చిన చోటు వేరు. వెనక శత్రువుల రైలు తరుముకొస్తుంటే హీరోయిన్ మారియన్ మాక్ క్యాబులో చెత్త ఊడుస్తుంది. పొయ్యిలో వేయమంటే, చిల్లున్న కట్టె బాగాలేదని అవతల పారేసి, చిన్న పుల్ల ముక్క ఏరి వేస్తుంది. కీటన్ కోపంతో ఆమె గొంతు పట్టుకుంటాడు, మరుక్షణం ముద్దు పెట్టేస్తాడు. “ఊడిస్తే తప్పేటి? మీ నాన్న బట్టలు ఉతికినోళ్ళకి తెలుస్తాది ఇంజను మురికి,” అంది అమ్మ.

తమను తామే తరిమిన సైన్యం

యుద్ధ సన్నివేశాలకు ఆరెగాన్ నేషనల్ గార్డు నుంచి 500 మంది సైనికులు వచ్చారు. రెండు సైన్యాలకు వేర్వేరుగా మనుషులు లేరు. నీలం బట్టలు తొడిగి ఒక దిక్కుకు ఉరికించారు. తరవాత బూడిదరంగు బట్టలు తొడిగి ఆ దిక్కు నుంచి ఇటు ఉరికించారు. తెర మీద రెండు సైన్యాలు తలపడుతుంటాయి. నిజానికి పొద్దున తాము తరిమింది సాయంత్రం తమనే. ఈ సినిమాలో తెర మీద కనిపించని జోకు ఇదొక్కటే.

తెర మీదది ఇంకా గొప్పది. ఇంజనుకు కట్టెలు కొట్టే పనిలో మునిగిపోయిన హీరో వెనక నుంచి వాళ్ళ సైన్యం పూర్తిగా వెనక్కి పారిపోతుంది. వెనకాలే శత్రుసైన్యం ముందుకు సాగుతుంది. వీడు తలెత్తడు. గొడ్డలి, కట్టె, గొడ్డలి, కట్టె. ముంచుకొస్తున్న యుద్ధానికన్నా ఆరిపోతున్న పొయ్యి ముఖ్యమైనవాడు. ఇలాంటివాళ్ళను షెడ్డులో బోలెడుమందిని చూశానంటాడు నాన్న.

ఆ నిప్పే ఒకసారి చేయిదాటింది. కట్టెల ఇంజను నుంచి ఎగిరిన నిప్పురవ్వలు గడ్డివాములనూ అడవినీ అంటుకునేవి. యుద్ధ సన్నివేశం తీస్తున్నప్పుడు రేగిన మంటను సైనిక వేషాల్లోని మనుషులు కోట్లు విప్పి కొట్టి ఆర్పారు. కీటన్ లోదుస్తులతోనే మంటల్లోకి దిగాడు. నష్టం 50,000 డాలర్ల దాకా అయింది. పొగ కమ్మేసి షూటింగ్ ఆగింది. వానలు పడి గాలి తేటపడ్డాకే మళ్ళీ కెమెరా తిరిగింది.

ఒక్క షాటు, 42,000 డాలర్లు

1926 జూలై 23. రౌ నది మీద కొయ్య వంతెన. ఆ రోజు కాటేజ్ గ్రోవ్‌లో పనులు బందు. చూడటానికి మూడు నాలుగు వేల మంది ఒడ్డున చేరారు. మొత్తం ఊరి జనాభా కన్నా అది ఎక్కువే. ఆరు కెమెరాలు నిలబెట్టారు. ఇంజనూ ఒకటే, వంతెనా ఒకటే, కాబట్టి రెండో టేకు లేదు.

తగలబడుతున్న వంతెన మీదికి ఇంజను వచ్చింది. నడిమికి చేరగానే దూలాలు ఫెళ్ళున విరిగాయి. ఆవిరి, పొగ, నీళ్ళు ఒక్కసారిగా పైకి లేచాయి. ఇంజను నదిలో పడింది. క్యాబులో డ్రైవరు కనబడటంతో ఒడ్డునున్నవాళ్ళు నిజంగానే మనిషి పోయాడని కేకలు పెట్టారు. అది కాగితపు గుజ్జుతో చేసిన బొమ్మ. మూకీల కాలంలో అత్యంత ఖరీదైన షాటుగా దీన్ని చెప్పుకుంటారు. ఖర్చు 42,000 డాలర్లు.

చిన్న నమూనా కట్టి బల్ల మీద పడేస్తే సరిపోయేది కదా అని అప్పట్లోనే అడిగినవాళ్ళున్నారు. కీటన్ ఒప్పుకోలేదు. నాన్న సమాధానం ఇంకా సూటిగా ఉంది. “బొమ్మ పడితే సప్పుడు తేలుతుందిరా. ఇది మూకీ అయినా నాకు సప్పుడు ఇనిపించింది.”

ఆ ఇంజను నది అడుగున ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంది. జనం పోయి చూసి వచ్చేవారు. రెండో ప్రపంచయుద్ధం వచ్చి ఇనుముకు కరువు పడినప్పుడు ముక్కలు చేసి తీసుకుపోయారు. ఉత్తుత్తి యుద్ధంలో కూలిన ఇంజను చివరికి అసలు యుద్ధానికే పోయింది.

మీకు తెలుసా?

• శత్రుసేనానుల్లో ఒకరుగా నటించింది కీటన్ తండ్రి జో కీటన్.

• 1918లో కీటన్ సైన్యంలో చేరి ఫ్రాన్సు వెళ్ళాడు. చెవికి వచ్చిన ఇన్ఫెక్షన్‌తో వినికిడి కొంత శాశ్వతంగా పోయింది.

• సినిమా మొట్టమొదట విడుదలైంది అమెరికాలో కాదు, 1926 డిసెంబరు 31న టోక్యోలో.

• అసలు ‘జనరల్’ ఇంజను ఇప్పుడు జార్జియాలోని కెనెసా మ్యూజియంలో ఉంది. ఆండ్రూస్ దండు దాన్ని ఎత్తుకుపోయిన బిగ్ శాంటీయే నేటి కెనెసా.

• షూటింగ్ జరిగిన రైలు మార్గంలో పట్టాలు తీసేశారు. ఇప్పుడది పాదచారులకూ సైకిళ్ళకూ బాట.

పోయిన డబ్బు, మిగిలిన సినిమా

ఇంత కష్టపడి తీసిన సినిమా ఆడలేదు. ఖర్చు 7,50,000 డాలర్లు దాటితే అమెరికాలో వచ్చింది 5 లక్షల లోపే. 1927 ఫిబ్రవరిలో న్యూయార్కులో విడుదలైతే విమర్శకులు పెదవి విరిచారు. అంతర్యుద్ధంలో కన్నవాళ్ళను కోల్పోయిన కుటుంబాలు ఇంకా ఉన్న కాలమది. మనుషులు చచ్చే చోట నవ్వేమిటన్నది కొందరి బాధ. ఇంత డబ్బు మళ్ళీ ఎవరూ కీటన్ చేతిలో పెట్టలేదు. 1928లో సొంత స్టూడియో పోయి ఎం.జి.ఎం.లో జీతానికి చేరాడు. జీవితంలో చేసిన పెద్ద పొరపాటు అదేనని తరవాత చెప్పుకున్నాడు. అక్కడ ఫిరంగిలో ఎన్ని పలుకులు వేయాలో చెప్పేది ఇంకొకరు.

కాలం మాత్రం లెక్క సరిచేసింది. 1972లోనూ 1982లోనూ ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక విమర్శకుల ఓటింగులో ప్రపంచంలోని పది గొప్ప చిత్రాల్లో ఇది నిలిచింది. 1989లో అమెరికా జాతీయ చలనచిత్ర జాబితా మొదలైనప్పుడు తొలి 25లోనే చేరింది. కాపీరైట్ తీరిపోయిన సినిమా కనుక ఇప్పుడు ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

సినిమాలో ఒక విషయం నాన్నను రెండు రోజులు వదల్లేదు. యుద్ధం రాగానే జానీ గ్రే అందరికన్నా ముందు సైన్యంలో చేరడానికి పోతాడు. ఇంజను డ్రైవరుగానే ఎక్కువ పనికొస్తాడని వద్దంటారు. కారణం అతనికి చెప్పరు. ఊరంతా పిరికివాడంటుంది. “సెప్పుండొచ్చు కదరా ఆడికి,” అన్నాడు నాన్న. మన దగ్గరా అలాంటివాళ్ళున్నారు. 1965 పాకిస్తాన్ యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దున గడరా రోడ్ దగ్గర 17 మంది రైల్వే ఉద్యోగులు ప్రాణాలు వదిలారు. వాళ్ళ చేతుల్లో తుపాకులు లేవు. సైన్యానికి సరుకు అందించే దారి తెగకుండా చూడటమే వాళ్ళ పని. యూనిఫాం లేని ఆ ధైర్యాన్ని గురించి తీసిన సినిమాలు తక్కువ. కామెడీ అనే ముసుగులో వందేళ్ళ కిందట కీటన్ తీసింది అదే.

చనిపోవడానికి కొద్దికాలం ముందు కీటన్ మళ్ళీ పట్టాలెక్కాడు. 1965లో వచ్చిన కెనడా చిత్రం ‘ది రెయిల్‌రాడర్’లో చిన్న మోటారు ట్రాలీ మీద ఆ దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటతాడు. అప్పటికి దాదాపు డెబ్భై ఏళ్ళు. ఎత్తయిన వంతెన మీద ఒక పెద్ద మ్యాపు ముఖానికి చుట్టుకుపోయే జోకు ఉంది. ప్రమాదమని దర్శకుడు వారించినా వినకుండా చేసి చూపించాడు. ఆ సినిమా కూడా నాన్నకు చూపించాను. “పీడబ్ల్యూఐ ట్రాలీ!” అని, పట్టాల ఇన్‌స్పెక్టరు తిరిగే ఆ బండిని పాత స్నేహితుణ్ణి చూసినట్టు పిలిచాడు.

ఇక ‘ది జనరల్’ చివరి షాటు. లెఫ్టినెంటు అయిన జానీ తన పిల్లతో వచ్చి మళ్ళీ ఆ సైడ్ రాడ్డు మీదే కూర్చుంటాడు. ముద్దు పెట్టుకోబోతే సైనికులు ఒకరి తరవాత ఒకరు సెల్యూట్ కొడుతూ పోతుంటారు. చివరికి వాడు అటుపక్కకు మారి కూర్చుని, ముద్దు ఆపకుండా, కుడిచేత్తో సెల్యూట్లు కొడుతూనే ఉంటాడు. నాన్న ముద్దు చూడలేదు, సెల్యూట్లు చూడలేదు. కళ్ళద్దాలు సర్దుకుని చక్రాల వైపు చూశాడు.

“ఇంజను ఆగుంది,” అన్నాడు. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి, తీరిగ్గా నవ్వాడు.